ఊక సెగలో తీపి

నరసరావుపేటలో ఖదీజాది రెండు గదుల రేకుల ఇల్లు. ఏటా శివరాత్రికి ఇరవై రోజుల ముందు అందులో ఒక గది చిలగడదుంపలకిచ్చేస్తుంది. తవ్వి తెచ్చిన దుంపను కడగదు, వెంటనే అమ్మదు. గడ్డి మీద పరిచి, గోతాలు కప్పి, పక్కనే చాపేసుకుంటుంది. మనవరాలు ముస్కాన్ పైకి చదివే ఇంటర్ పాఠాలు ఆ మధ్యాహ్నపు కునుకులోకి దూరిపోతాయి. కలలో తీగలు పాకుతుంటాయి. ఆకులు ఎండ తాగి చక్కెర చేస్తాయి. ఆ చక్కెరను పిండి మూటలుగా కట్టి, చప్పుడు కాకుండా మట్టిలోకి దించుతాయి. తవ్వాక గదిలో ఆ మూటలు ఒక్కొక్కటే ముడి వీడి, మళ్లీ తీపవుతుంటాయి.

కోటప్పకొండ తిరునాళ్లలో ఉపవాసాలోళ్లు "ఖదీజమ్మ గంపేది?" అని వెతుక్కుంటూ వచ్చేది ఆ తీపికే.

ఈ ఏడు బొల్లాపల్లి రైతు దేవదాసు దుంపలు దింపేసరికి పండగ అయిదు రోజులే ఉంది.

"ఏంది దేవదాసూ, ఇప్పుడా తెచ్చేది?"

"తుపానుకు నాటడమే ఆలస్యమైందక్కా. చూడు, ఎంత లావున్నయ్యో!"

"లావుకేముందయ్యా, మా ఆయనా లావే. తీపేదీ?"

ఒకటి ఉడకబెట్టి కొరికింది. సుద్దముక్క. ఇవి అమ్మితే వచ్చే ఏడు తన గంప మొహం ఎవరూ చూడరు. ఆ మధ్యాహ్నం కలలో మూటలన్నీ బిగుసుకునే ఉన్నాయి. గోళ్లు అరిగినా ఒక్క ముడీ రాలేదు.

"రోజులు లేకపోతే సెగియ్యి నానీ," అంది ముస్కాన్. "పిండిని చక్కెర చేసే రసం దుంపలోనే ఉంటది. సన్నటి వేడికి అది జోరుగా పనిచేస్తది. నువ్వు కళపెళా మరగబెడితే ముందే చచ్చిపోద్ది."

"ముప్పయ్యేళ్ల నుంచీ చంపుతున్నానంటావా?"

"నువ్వు మాగబెట్టి ఉడికిస్తావుగా, అందుకని చెల్లింది."

ఖదీజా గొణుక్కుంటూనే మిల్లు నుంచి ఊక తెచ్చి పాత డ్రమ్ములో పోసింది. నిప్పేసి దుంపలు పూడ్చింది. కాసేపటికే ఆగలేక విసనకర్ర అందుకుంది. పైన బొగ్గు, లోపల అదే సుద్ద.

మర్నాడు విసనకర్రను ముస్కాన్ బీరువాలో పెట్టి తాళమేసింది. ఊక మండలేదు, అలిగిన మనిషిలా లోలోపలే రగిలింది. ఖదీజా డ్రమ్ముకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. వీపుకు వెచ్చగా తగులుతోంది. ఎక్కడో ఒక ముడి వీడింది. తర్వాత ఇంకొకటి. పొద్దు వాలేదాకా అలా వీడుతూనే ఉన్నాయి. కళ్లు తెరిచేసరికి దుంపల తొక్కల మీద పాకం బొట్లు బొట్లుగా ఉబికింది.

శివరాత్రినాడు కొండ కింద అందరికంటే ముందు వచ్చింది, ఏటా వచ్చే వెంకటరమణమ్మే.

"ఏమే ఖదీజా, ఈ ఏడు నల్లగున్నయ్యేంది? మాడబెట్టినావా?"

"తిని మాట్లాడక్కా."

వెంకటరమణమ్మ కొరికింది. మోచేతి దాకా కారిన పాకాన్ని కొంగుతో తుడవబోయి ఆగి, చుట్టూ చూసి నాకేసింది. తర్వాత రెండో చెయ్యి చాపింది.