ట్యాంకు సిపాయి సంచి

పరువు పోవడానికి కొందరికి కోర్టు కావాలి, కొందరికి ఎన్నికలు కావాలి. నాకు ఒక పాత గుడ్డసంచి సరిపోయింది. అదీ ఎవరో పన్నిన కుట్ర కాదు. ఎదుటివాడు వద్దు వద్దంటున్నా వినకుండా, సొంత తెలివితో, నా చేతులారా పోగొట్టుకున్నాను. ఎలాగో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి.

నాకు పాత మిలిటరీ పట్టీల సామాను పోగుచేసే పిచ్చి. వెబ్బింగ్ అంటారు దాన్ని. మందపాటి నూలుతో నేసిన నడుం బెల్టులు, తూటాల సంచులు, భుజాల పట్టీలు, ఇత్తడి బకిళ్లు. తిరుపతిలో జనం దేవుడి పటాలు తగిలించుకునే గోడకు నేను బెల్టులు తగిలించాను. వాటిలో నా ప్రాణమంతా ఒక పూర్తి సెట్టు మీదే. బెల్టు నుంచి చివరి పట్టీ దాకా ఒకే కర్మాగారం ముద్ర, ఎక్కడా కత్తెర పడలేదు. నేను దాన్ని ముక్కముక్కగా కూర్చుకునేలోపు మా తమ్ముడు ఇల్లు కట్టేశాడు.

ఈ పిచ్చిలో ఇంకో మెట్టుంది. యుద్ధంలో సిపాయిలు తమ అవసరం కొద్దీ కోసి, కుట్టి, మార్చుకున్న సామానంటే మాకు మరీ మోజు. ఆ మార్పు సిపాయి చేసిందా, తర్వాత ఇంకెవరైనా చేసిందా అని కనిపెట్టడమే కష్టం. ఆ విద్యలో నన్ను మించినవాడు చిత్తూరు వైపు లేడని అప్పట్లో నా గట్టి నమ్మకం. నాకు తెలిసి ఆ పిచ్చి ఉన్నవాళ్లమే ఇద్దరం, కాబట్టి పోటీ కూడా పెద్దగా లేదు.

రెండోవాడు సత్యవేడు మునిరత్నం. ఒకరోజు శ్రీకాళహస్తిలో పాత సామాన్ల కుప్పలో దొరికిందని ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టాడు.

"సంచి మిలిటరీదే అప్పా. ఈ కుట్లే నాకు అనుమానంగా ఉండాది" అన్నాడు.

అనుమానం అన్న మాట వినగానే నాలోని పండితుడు లేచి కూర్చున్నాడు. భూతద్దం తీశాను. భుజం పట్టీ సగానికి కోసి ఉంది. ట్యాంకు లోపల ఇరుకులో కూర్చునే సిపాయికి పొడుగు పట్టీ అడ్డం కదా, అందుకే కోశాడన్నాను. పక్కన గుండ్రటి జేబు కొత్తగా కుట్టి ఉంది. చేతిబాంబు కోసమన్నాను. అడుగున నల్లటి మరక కనబడింది. కళ్లు మూసుకుని వాసన చూసి, తుపాకీ నూనె అని తేల్చేశాను. ఆ వాసనకు నా నోట్లో నీళ్లూరిన మాట నిజమే. అది పాండిత్యపు ఆవేశమనుకున్నాను.

నా సెట్టు ఇస్తాను, ఆ సంచి నాకివ్వమన్నాను. మునిరత్నం బెదిరిపోయాడు. కత్తెర పడని సెట్టు తీసుకుంటే తనకు పాపం తగులుతుందన్నాడు. బాగా ఆలోచించుకోమన్నాడు. అతను ఎంత వెనక్కి తగ్గితే నాకంత ఆత్రం పెరిగింది. ఈ మహానుభావుడికి సంచి వదలడం ఇష్టం లేదు, అందుకే నీతులు చెబుతున్నాడనుకున్నాను.

"కాణిపాకంలో ప్రమాణం చేయమన్నా చేస్తా. ఇది ట్యాంకు సిపాయి సంచే" అన్నాను.

మా వైపు ఆ మాట వచ్చాక ఇక వాదన ఉండదు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధమాడే ధైర్యం ఎవరికీ లేదు. మునిరత్నం సెట్టు మూట కట్టుకుని వెళ్లిపోయాడు.

సెట్టు ఉన్న మేకుకే సంచి తగిలించి, మా అమ్మను పిలిచి చూపించాను. ట్యాంకు గురించి, బాంబు గురించి, తుపాకీ నూనె గురించి చేతులు తిప్పుతూ ఉపన్యాసమిచ్చాను. అమ్మ చింతపండు గింజలు తీయడం ఆపి అంతా ఓపిగ్గా విన్నది.

"ఇది నీ ఇస్కూలు సంచి గదరా" అన్నది. "మీ నాయన వేలూరులో పాత సామాన్ల అంగట్లో కొన్నాడు. నేల మీద ఈడ్సుకుంటా పోతాంటే పట్టీ కోసి నేనే కుట్టినా."

మరి బాంబు జేబు? మజ్జిగ సీసాకట. తుపాకీ నూనె? అన్నంలోకి పెట్టిన మామిడికాయ ఊరగాయ. మూత గట్టిగా పెట్టుకోమంటే నేను ఏనాడూ వినలేదట.

"పాతబట్టల్లో ఏసి స్టీలు సామాన్లాయనకి ఇచ్చేసినా. మంచి గిన్నె వచ్చింది. నువ్వేమిచ్చి తెచ్చినావు?"

నేను మేకు వైపు చూశాను. అమ్మకు అర్థమైంది. మళ్లీ చింతపండు ముందు కూర్చుంది. తిట్టినా బాగుండేది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు మునిరత్నానికి ఫోన్ చేసి నిజం చెప్పాను. అతను నమ్మలేదు.

"నిన్న ట్యాంకంటివి, ఈపొద్దు అమ్మంటావుండావు. సెట్టు మీద మనసు లాగి కతలు సెప్తావుండావు. కాణిపాకం రా, ప్రమాణం సేయి."

వెళ్లాను. స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి, ఈ సంచి నాదేనని, చిన్నప్పుడు మోసిందీ నేనేనని, పెద్దయ్యాక గుర్తుపట్టలేకపోయిందీ నేనేనని ప్రమాణం చేశాను. నా వెనక భూమి తగాదాతో వచ్చిన అన్నదమ్ములు అది విని, తమ కోపం మరిచిపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మునిరత్నం భక్తిగా చెంపలు వేసుకున్నాడు. "నమ్మినానప్పా" అన్నాడు.

"అయితే నా సెట్టు?"

"సంచి నీదేనని ఇప్పుడే స్వామికి సెప్పినావు గదా. ఒకరి సొంత సంచి ఇంకొకరు తీసుకుంటే పాపం గదప్పా. అది నీకాడే ఉండనీ."

అని, ప్రసాదం నా చేతిలో పెట్టి బస్సెక్కేశాడు.

బట్టలు ఎలాగూ తడిగానే ఉన్నాయి కదా అని మళ్లీ లోపలికి వెళ్లి రెండో ప్రమాణం కూడా చేశాను. స్వామీ, ఇక ఈ జన్మలో, మా అమ్మ వాసన చూసి సరేనంటే తప్ప, ఏ పాత సంచినీ యుద్ధానికి పంపను.