కుడిచెయ్యి పడిపోతే?

మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, పళ్ల డాక్టరు చదువు ఆఖరి ఏడాదిలోకి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఏ పనీ కుడిచేత్తో చెయ్యడం మానేసింది. అలాగని పుట్టుకతో ఎడంచేతి వాటమా అంటే కాదు. అడిగితే ఒకటే సమాధానం: "కుడిచెయ్యి పడిపోతే?"

"ఎందుకు పడిపోతుందే?"

"పడిపోదని రాసిస్తావా?"

ఎవరు రాసిస్తారు?

అక్కకి భయాలు కొత్త కాదు. "సందుకో పళ్ల డాక్టరున్నాడు. మెయిన్ రోడ్డులో కంపెనీవాళ్లు అద్దాల క్లినిక్ తెరిచారు. సర్కారు పోస్టులు తియ్యదు. రేపో మాపో పళ్లు కూడా యంత్రాలే కడతాయట. ఇక నేనెవరి నోట్లో చెయ్యి పెట్టి బతకాలి?" అనేది అన్నం ముందు కూర్చుని. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. పిల్లల్ని గుంపులుగా చేర్చుకుని, బయటికి పంపేటప్పుడు మొహం చాటేసే కాలేజీల్ని ఎవరూ ఏమీ అనరు. భయపడ్డ పిల్లని మాత్రం పిరికిదంటారు. మేమూ అన్నాం.

ఎడంచేత్తో టీ పోస్తే సాసర్లో సగం, పెదనాన్న ఒళ్లో సగం. "కప్పులోకేం రాలేదా తల్లీ?" అని ఆయన మర్యాదగానే అడిగేవాడు. మర్నాటి నుంచి అక్క టీ తెస్తోందంటే రెండు కాళ్లూ కుర్చీలోకి ముడుచుకునేవాడు. ఆ చేత్తో తీసుకున్న పాపిడి నెత్తిమీద నడుస్తూ నడుస్తూ చెవి వైపు మళ్లిపోయేది. వాళ్ల చదువులో మైనం దిమ్మల్ని పళ్లలా చెక్కాలి. ఎడంచేత్తో చెక్కిన దవడపళ్లు కిటికీ నిండా నలిగిన వేరుశనక్కాయల్లా ఆరేవి. పెదనాన్న ఒకసారి మిఠాయనుకుని ఒకటి నోట్లో వేసుకుని, కూతురు బాధపడుతుందని మింగేశాడు కూడా.

ఆయనే ఓరోజు అక్క క్లినిక్కి పనికొస్తుందేమోనని మమ్మల్ని ఒక గది చూపించడానికి తీసుకెళ్లాడు. పని మానేసిన ఓ ముసలి పళ్ల డాక్టరుది. కుర్చీకి కుడిపక్కన, కుడిచేతి డాక్టర్లు నిలబడాల్సిన చోట, ఇంత లావు స్తంభం. నీళ్ల గొట్టం నేలలోంచి రావడంతో కుర్చీ కదలదు. ముసలాయనది ఎడంచేతి వాటమట, అందుకని సరిపోయింది. తరవాత చూసిన వాళ్లంతా దండం పెట్టి వెళ్లిపోయారట.

"నీ కోసమే కట్టినట్టుందమ్మా!" అన్నాడు పెదనాన్న.

అక్క మొహం పాలిపోయింది. "ఈ చేత్తో నాకు టీ పొయ్యడమే రాదు నాన్నా. పన్నెలా పీకను?"

"మరెందుకే ఈ సాధన?"

"పడిపోతే అని!"

ఇంతలో నా దవడపన్ను పుచ్చింది. అక్క సంబరం చెప్పలేను. "ఏదీ, నోరు తెరువ్! నరం దాకా పోలేదు కదా? పోలేదు! నా బంగారం!" వాళ్ల పరీక్షకి రోగిని ఎవరికి వాళ్లే వెతుక్కోవాలి. సరిగ్గా అంతే లోతు పుచ్చిన పన్ను దొరకడం కష్టం. కానీ అక్క పరీక్ష అప్పటికే పెదనాన్న పంటి మీద, బుద్ధిగా కుడిచేత్తోనే, అయిపోయింది.

"మరి నేనెవరి పరీక్షకి?"

"కుర్చీలో పడుకో. తెలుస్తుంది."

పరీక్షనాడు వాళ్ల కాలేజీకి వెళ్లి పడుకున్నాను. సన్నటి అమ్మాయి ఒకతి చుట్టూ తిరిగి నా ఎడంపక్కకి వచ్చింది. వెనకే వాళ్ల పెద్దసారు గొంతు: "ఇంకా ఎడంచెయ్యేనా? ఇక్కడ కుర్చీలన్నీ కుడిచేతివే. చెయ్యి మార్చుకో, లేదా చదువు మార్చుకో అని చెప్పానా లేదా?" ఆమె చేతిలో పరికరం నా పళ్లకి తగిలి టకటకలాడింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఎంతైనా నోరు నాది.

ఆ పిల్ల తలుపు వైపు చూసింది. నేనూ కళ్లు తిప్పాను. తలుపు అద్దం వెనక మా అక్క. ఎడంచెయ్యి గాలిలో ఎత్తి, మణికట్టు ఇంత వంచి, లేని పరికరంతో లేని పన్ను శుభ్రం చేస్తోంది. ఇక్కడి చెయ్యి వణుకు మానింది. తరవాత ఆ పిల్ల మళ్లీ అటు చూడలేదు.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకురాలు నా నోట్లో చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది. "శుభ్రంగా ఉంది. ఎడంచేతి పని ఎవరమ్మా నేర్పారు?"

పెద్దసారు అక్కడే ఉన్నాడు. "అద్దంలో చూసుకుని నేర్చుకున్నానండీ," అంది ఆ పిల్ల. తలుపు అద్దం కూడా అద్దమే కదా!

వరండాలో, మత్తింజక్షనుతో మొద్దుబారిన మూతితోనే అక్కని నిలదీశాను. "ఎంహుకు హెప్పలేదు?"

"చెబితే నువ్వు ఊరంతా చాటింపు వేస్తావు. ఆ పిల్లకి ఎడంచేతి పని ఎవరూ నేర్పకూడదని పెద్దసారు హుకుం. ముందు నేను నేర్చుకుంటేనేగా దానికి నేర్పేది? నా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే. నాకు భయం అని చెబితే మాత్రం మీలో ఎవరికీ అనుమానం రాదు." మళ్లీ తనే అడిగింది. "ఆ స్తంభం గది ఇంకా ఖాళీయేనా? దానికి సరిగ్గా సరిపోతుంది. నేను రోగుల్ని చూసి పంపుతా, అది కుర్చీ దగ్గర చేస్తుంది. ఇద్దరం కలిస్తే ఎలాగో నిలబడమా?"

ఆ సాయంత్రం అక్క ఎడంచేత్తో టీ పోసింది. పెదనాన్న అలవాటుగా కాళ్లు ముడుచుకున్నాడు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

"ఆ అమ్మాయి గట్టెక్కిందిగా. ఇంకా ఎందుకే ఈ ఎడంచెయ్యి?" అన్నాను.

అక్క నా వైపు జాలిగా చూసింది.

"దాని ఎడంచెయ్యి పడిపోతే?"