గ్రెనేడ్ విసిరి గట్టెక్కి చూశాను

మా రామచంద్రపురం కాలేజీ పాత విద్యార్థులం ఏటా కలుస్తాం. అందరి ఘనకార్యాలూ అందరూ వింటారు. నేను నోరు తెరిస్తే మాత్రం "భోజనాలు వడ్డించేశారండి, పదండి" అంటారు. అందుకే రాస్తున్నాను. తొంభైల్లో కాలేజీ తరఫున వెళ్లిన సైనిక శిక్షణ శిబిరంలో నేను చేసిన విధ్వంసం చదివి మీరైనా న్యాయం చెప్పండి.

ఆఖరి రోజు నరసాపురం జట్టుతో కప్పు కోసం గ్రెనేడ్ పోటీ. కంగారుపడకండి, మందు లేని డమ్మీయే. సీతాఫలంలా గళ్లుగళ్లుగా ఉండి గుప్పిట్లో ఇమిడిపోయే ఇనప కాయ.

"చిన్నదని చులకన చెయ్యకండి. అసలుది పేలితే ముక్కలు శత్రువు వైపే పోవు, మీ వైపూ వస్తాయి. విసిరిన మరుక్షణం గట్టు చాటున పడుకోవాలి!" అని మాకు నేర్పే సుబేదారు గారు పొద్దున్నుంచీ గొంతు చించుకున్నారు.

రెండు జట్లవాళ్లూ క్రికెట్ బంతిలా విసిరారు. ఒక్కటీ సున్నంతో గీసిన వలయంలో ఆగలేదు, దొర్లుకుంటూ పోయాయి. చివరికి మిగిలింది నేను. నాట్లప్పుడు గట్టు మీంచి నారు కట్టలు విసిరిన చెయ్యి నాది. అలాగే కిందినుంచి ఊపి వదిలాను. వానకు నానిన నేలలో, వలయం నడిమధ్యన, దిగబడి కదల్లేదు!

అయితే నారు కట్ట విసిరినవాడు ఊరుకుంటాడా? సరైన చోట పడిందో లేదో చూసుకోవాలి. లేకపోతే నాటే ఆడవాళ్లు ఏడు తరాలనూ తిడతారు. నేనూ గట్టెక్కి, నడుం మీద చేతులేసుకుని చూశాను.

"నువ్వు చచ్చావ్! ఈ త్రో చెల్లదు!" సుబేదారు గారు ఉరిమారు.

నాకు ఒళ్లు మండింది. అక్కడే బురదలో వెల్లకిలా పడ్డాను.

"ఏంటిది? లే! కప్పివ్వడానికి కల్నల్ గారొస్తున్నారు!"

"చచ్చినవాణ్ణి, ఎలా లేస్తానండీ?"

ఆయన నా స్నేహితుడి వైపు తిరిగారు. "సత్తిబాబూ, మీవాణ్ణి లేపు!"

"నేనొక్కణ్ణీ మొయ్యలేనండి, నలుగురు కావాలి. డప్పులక్కూడా చెప్పమంటారా?"

నరసాపురం వాళ్లు కూడా నవ్వాపుకోలేక కూలబడ్డారు. దూరంగా కల్నల్ గారి జీపు కనిపించింది. సుబేదారు గారి మీసం గేదె తోకలా అటూ ఇటూ ఆడింది.

"సరే బాబూ, బతికే ఉన్నావ్. లే!"

"అయితే త్రో చెల్లినట్టేనాండీ?"

"చెల్లింది! లేచి చావు!"

కప్పు మాదే! మావాళ్ల కేకలకు కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ ఊరొదిలిపోయాయి.

ఇకమీదట ఎన్ని గ్రెనేడ్లు విసిరినా ఒక్కదాన్నీ నిలబడి చూడనని అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను. కానీ నేను బురద కడుక్కోవడానికి బోరింగు దగ్గరికెళ్లి వచ్చేలోపు మావాళ్లు కప్పుతో గ్రూప్ ఫోటో తీయించేసుకున్నారు! కాలేజీ గోడ మీద ఇప్పటికీ వేలాడుతోంది. అందులో సత్తిబాబు పళ్లన్నీ ఉన్నాయి, నేను లేను. కాసేపు ఆగుదామని ఒక్కడికీ తోచలేదా? సత్తిబాబూ, నిన్నే అడుగుతున్నాను. సమాధానం చెప్పు!