ఎకో బావ సగం పాట

ఆ రోజుల్లో కోనసీమలో జానపద గాయకుడు కావాలంటే జానపదంతో పని లేదు, గొంతుతో అంతకన్నా లేదు. తలకి ఎర్ర తువ్వాలు, భుజాన గొంగళి, రాజమండ్రిలో రికార్డింగు గది తెలిసిన స్నేహితుడు ఉంటే చాలు. (కొబ్బరి తోటల్లో చెమటలు కారే మా దేశంలో గొంగళి ఎవరు కప్పుకుంటారని అడగకండి. నేను అడిగాను. "కళాకారుల గెటప్పు నీకేం తెలుస్తుందే" అన్న సమాధానం వచ్చింది.) ఇవన్నీ సంపాదించి గాయకుడైపోయినవాడు మా మేనత్త కొడుకు. మైకు దొరికితే చాలు, "ఎకో పెంచండి, ఇంకా పెంచండి" అని సౌండు వాళ్ళ ప్రాణం తీసేవాడు కాబట్టి ఇంటిల్లిపాదీ ఎకో బావ అనేవాళ్ళం. ఎకో లేకపోతే ఆ గొంతు సైకిలు చక్రంలో గాలి తీసినట్టుండేది. ఎకో పెడితే అదే గాలి గుహలో తీసినట్టుండేది. తొలి క్యాసెట్టు అట్ట మీద గొంగళి కప్పుకుని, చంకలో డప్పు పెట్టుకుని, మేక పక్కన నిలబడి నవ్వుతుంటాడు. మేక కనిపిస్తే అరుగెక్కేసే మనిషి! ఊడుపుల్లో చెప్పులు తడుస్తాయని గట్టు దిగని మనిషి! కింద "రచన, స్వరకల్పన, గానం" అని అన్నిటికీ కలిపి తన పేరే. వాటిలో గానం ఒక్కటే అతనిది. అది అతనిది కాదని ఎవరూ అనలేదు, మాక్కావాలనీ ఎవరూ అనలేదు.

అతనికి పేరు తెచ్చిన పాట మాత్రం నాది. అప్పుడు నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో వాదించడానికి ఎవరూ మిగలక సెలవులకి ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ళతో వాదిస్తున్న కాలంలో మా అక్క పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకుది మురమళ్ళ దగ్గర ఊరు. మా వైపు పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు బంతికి కూర్చోగానే ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు పెళ్ళికొడుకు తల్లి వెనక చేరి, ఆవిణ్ణి ఆడిపోసుకుంటూ పాటలు పాడతారు. వియ్యాలవారి పాటలంటారు వాటిని. వెక్కిరింత ఎంత ఘాటుగా ఉంటే మర్యాద అంత బాగా జరిగినట్టు. ఆవిడ కూడా ఊరుకోకూడదు. చెయ్యి కడిగేలోపు పాటతోనే బదులు చెప్పాలి. అప్పుడందరూ నవ్వుకుని తాంబూలాలు పుచ్చుకుంటారు. ఎత్తేసిన విస్తళ్ళతో పాటు ఆ తిట్లూ వెళ్ళిపోతాయి. అక్క అత్తగారి కోసం నేను ముందే పాట కట్టి పెట్టుకున్నాను:

"వంగపండు చీర కట్టి వచ్చిందమ్మా వియ్యపురాలు
వడ్డించకముందే విస్తట్లో వెతికిందమ్మా పూర్ణం బూరెలు."

బంతి బంతంతా ఘొల్లుమంది. ఆవిడ తొణకలేదు. బూరె తాపీగా కొరికి, నమిలి, మింగి, వెనక్కి తిరిగి నా మొహం చూస్తూ అందుకుంది:

"బూరె కొరికి చూశానమ్మా, లోపలంతా పచ్చిపిండి
పాట కట్టిన పిల్లకేమో నోరాడినట్టు చెయ్యాడదండి."

ఈసారి నవ్విన వాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. (కన్నతల్లి!) వక్తృత్వ పోటీల్లో కప్పులు కొట్టిన దాన్ని, ఒక్క ముక్క బదులు తోచక నిలబడిపోయాను. ఆవిడ సగం బూరె తీసి నా నోట్లో కుక్కి, "తినమ్మా, బానే ఉంది" అంది. అక్కడితో అయిపోవాల్సింది. కానీ పందిరి గుంజ పక్కన ఎకో బావ టేపు రికార్డరు పట్టుకుని కూర్చున్నాడని ఎవరికి తెలుసు?

మరుసటి ఏడు ఆ పాట క్యాసెట్టులో వచ్చింది. కీబోర్డు, పెట్టెలోంచి వచ్చే దరువు, వెనక "హొయ్ హొయ్" అనే ఆడపిల్లలు. వియ్యపురాలు నడిస్తే వంతెన ఊగిందని తన సొంత చరణం ఒకటి కలిపాడు, పైగా "మురమళ్ళ వియ్యపురాలు" అని ఊరు కూడా తగిలించాడు. ఆవిడ బదులు మాత్రం లేదు. అది కొట్టిన కొట్టుడు ఇంతా అంతా కాదు. కొత్తపేట సెంటర్లో సోడా కొట్టు నుంచి రామచంద్రపురం బస్సు దాకా అదే పాట. అక్క అత్తగారు సంతకెళ్ళినా, బస్సెక్కినా, పేరంటానికెళ్ళినా ఆవిడ కంటే ముందు ఆ పాట అక్కడికి చేరిపోయేది. క్లీనరు కుర్రాళ్ళు ఆవిణ్ణి చూడగానే సౌండు పెంచేవారట.

అక్కకి అప్పుడు ఏడో నెల. పురిటికి తీసుకురావడానికి అమ్మా నేనూ చలిమిడి, పళ్ళు పట్టుకుని వెళ్ళాం. ఎనిమిదో నెల వస్తే పంపరు, మా ఇళ్ళలో అది పట్టింపు. తొలి కాన్పుకి తల్లి దగ్గర లేకపోతే ఎలాగని అక్క అప్పటికే తలుపు వెనక కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడ మాకు కాఫీలిచ్చింది, కుర్చీలు వేసింది, విసనకర్ర కూడా ఇచ్చింది. మర్యాదకి లోటు లేదు.

"అమ్మాయిని తీసుకెళ్దామని వచ్చేమండీ, వదినగారూ" అంది అమ్మ.

"ఆయ్, తీసుకెళ్ళండి. కాదన్నానా? మా అమ్మాయి లాంటిదే కదండీ. కాకపోతే ముందు ఆ టేపులో నా పాట పెట్టించండి."

"మిమ్మల్ని వెక్కిరించినందుకా, అత్తయ్యగారూ?" అన్నాను నేను, వాదానికి సిద్ధపడి.

"వెక్కిరిస్తే నాకేటమ్మా? వియ్యపురాల్ని వెక్కిరించక పూజ చేస్తారా? నువ్వన్నావు, నేనన్నాను, చెల్లయిపోయింది. మరి వీధిలో నువ్వు రోజూ అంటున్నావు, నేను అనట్లేదు. జవాబు చెప్పలేక నోరు మూసుకుని బూరెలు తినొచ్చేనని ఊరంతా అనుకుంటుంది. అదేం మర్యాదండీ?"

జీవితంలో మొదటిసారి నాకు ఎదుటివాళ్ళ వాదంలో తప్పు దొరకలేదు. అలా దొరక్కపోవడం ఎంత చిరాగ్గా ఉంటుందో నాలాంటి వాళ్ళకే తెలుస్తుంది. ఆ చిరాకంతా పట్టుకుని తిన్నగా బావ దగ్గరికెళ్ళాను. అద్దం ముందు తువ్వాలు చుట్టుకుంటున్నాడు.

"ఆవిడ బదులు కూడా నీ టేపులో ఉంది కదా. ఎందుకు తీసేశావు?"

"పెడితే పంచ్ పోద్దే. జనానికి ఒక్క వైపు నవ్వు చాలు."

"పాట నాదైతే రచన నీదని ఎలా వేసుకున్నావు?"

"జానపదానికి రచయితేటే పిచ్చిదానా? అది ప్రజలది."

"అయితే ప్రజల పేరు వెయ్యకపోయావా?"

తువ్వాలు విప్పి మళ్ళీ మొదటినుంచి చుట్టుకున్నాడు. (ఎకో లేనిచోట బావకి మాటలూ తక్కువే.) చివరికి పెద్ద మనసు చేసుకున్నాడు: "వచ్చే వారం వాళ్ళూరి తీర్థంలో నా ప్రోగ్రామే. స్టేజి మీదకి పిలిచి ఆవిడకి శాలువా కప్పుతాను. కళాకారుడి చేతుల మీదుగా సన్మానం. చాలా?"

"చాలు బావా. తప్పకుండా కప్పు" అన్నాను నేను. అంత వినయంగా మాట్లాడినందుకైనా బావ అనుమానపడాల్సింది. పడలేదు.

తీర్థం రోజు సాయంత్రం స్టేజి ముందు ఇసక వేస్తే రాలనంత జనం. బావ గొంగళితో, డప్పుతో దిగి, పాట ఎత్తుకుని, వంతెన ఊగిన చరణం దగ్గర ఆపి, "ఈ పాటకి స్ఫూర్తినిచ్చిన తల్లి మన మధ్యే ఉన్నారు... న్నారు... న్నారు" అన్నాడు. ఆవిడ మెట్లెక్కింది. నేను చెప్పినట్టే వంగపండు చీరే కట్టుకొచ్చింది. శాలువా కప్పించుకుంది, దణ్ణం పెట్టింది, పెట్టిన చేత్తోనే మైకు లాక్కుంది. "బాబూ, ఈ పాటకి నేను చెప్పిన బదులు దార్లో జారిపోయిందంట. ఇప్పుడు పాడతానండి" అని పచ్చిపిండి పాట అందుకుంది. బావ పెంచించుకున్న ఎకో అంతా ఆవిడకే పనికొచ్చింది. "చెయ్యాడదండి... దండి... దండి" అని తీర్థమంతా మోగింది. జనం ఈలలు. బావ నవ్వు మొహం పెట్టి మైకు కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని చూసింది, చంకలో డప్పుని చూసింది, అక్కడికక్కడ కట్టింది:

"డప్పు చంకన పెట్టేడమ్మా, దరువు మాత్రం డబ్బాలోది
పాట కట్టింది పిల్లమ్మా, పేరు మాత్రం అబ్బాయిది."

జనం లేచి నిలబడ్డారు. "అత్తగారే పాడాలి" అని ఒకటే గోల. నన్ను ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ఏడుస్తున్నానని అనుకునేవారు. (దుమ్ము. తీర్థాల్లో దుమ్మెక్కువ.) స్టేజి దిగుతూనే ఆవిడ మా అమ్మ దగ్గరికొచ్చి, "రేపు కారు మాట్లాడతానండీ, వదినగారూ. బస్సు కుదుపులు పడవు పిల్లకి" అంది. అక్క మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి మా ఇంట్లో ఉంది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది.

బావ సిగ్గుపడ్డాడని మీరు అనుకుంటే మీకు గాయకులు తెలియదు. ఆర్నెల్లలో "వియ్యపురాలి జవాబు" అని ఇంకో క్యాసెట్టు తెచ్చాడు. ఆవిడ పాటలన్నీ ముక్కుతో ఆడగొంతు పెట్టి తనే పాడాడు. రచన, షరా మామూలే. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి సెల్‌ఫోన్లలో కాలర్ ట్యూన్లొచ్చాయి. అతని తువ్వాలు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు పిల్లల పాటల పోటీలకి జడ్జిగా వెళ్ళి "ఒరిజినాలిటీ ఉండాలి నాన్నా" అని చెబుతున్నాడట.

అక్క అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య అక్క కూతురి పెళ్ళి చేశాం. బంతి లేదు, బఫే. పెళ్ళికొడుకు తల్లి ప్లేటు పట్టుకుని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిరుగుతుంటే, ఊపిరాడని పట్టుచీరలో నేనూ ఆవిడ వెనకే తిరిగి, పనీరు మీదా ఆవిడ నల్లకళ్ళజోడు మీదా అప్పటికప్పుడు కట్టిన పాట పాడాను. చాలా ఘాటైన పాట. ఆవిడ ఆగి, ప్లేటు బల్ల మీద పెట్టి, చప్పట్లు కొట్టి, "వావ్, భలే పాడారండీ" అని నవ్వి ఐస్‌క్రీము వైపు వెళ్ళిపోయింది. ఏమైనా అనడానికి తిరిగొస్తుందేమోనని, నేను కాసేపు అక్కడే నిలబడ్డాను.