మగ వాసన

పొద్దున్నే బ్లాంచర్డ్స్‌టౌన్ బస్సు దిగి ల్యాబుకొచ్చే జ్ఞానేశ్వరి మొదట చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది, ఆడ ఎలుకలు బెదరకుండా. ఒక్కొక్కటీ ఋతుచక్రంలో ఎక్కడుందో చూస్తుంది. అండం విడుదలయ్యే ముందు, మెదడులో హార్మోన్లను నడిపే కణాల్లో విద్యుత్తు ఎగసిపడుతుంది. దాన్ని కొలవడమే ఆమె ఉద్యోగం. మాంద్యం పేరుతో సగం ల్యాబును ఊడ్చేశారు. ఈ నెల ఫలితం చూపకపోతే ఆమె ఉద్యోగమూ, దాంతోపాటు వీసా కూడా పోతాయి. కానీ రెండు వారాలుగా ఒక్క ఎలుకా ఆ దశకు రావడం లేదు.

“మగవాటికి మేత దండగని తీసేశారక్కా,” అన్నాడు బోనులు కడిగే శ్యాం.

“వాటి వాసన లేకపోతే ఆడవాటి చక్రం ఆగిపోద్దిరా. పొదుపు చేసే దొరలకి ఆ మాత్రం తెలీదా?”

“చెత్తోళ్లకీ డబ్బులాపారు. అందుకే ఆ మగవాటి కింద పరిచిన పొట్టు ఇంకా సంచిలోనే ఉంది.”

ఆమె సంచి విప్పింది. ఉచ్చకంపు కొట్టే పొట్టును గుప్పిళ్లతో బోనుల్లో చల్లి, నేలమీద చతికిలబడి, ఆడ ఎలుకల ముక్కుల వైపే చూస్తూ ఉండిపోయింది.