మందు కాదండి, గ్యాస్ బిళ్ళ

ఈ మాట ఏళ్ళ తరబడి గొంతులోనే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెబుతున్నాను.

నేను రాజమండ్రిలో నరాల డాక్టరుని. నరసాపురం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. సత్యవతి అనుకోండి. లేసు అల్లేది. కుడిచెయ్యి వణికి సూది నిలవడం లేదంది. మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను. లేదంది. చెయ్యి ఆడించి, నడిపించి చూసి పార్కిన్సన్స్ అని తేల్చేశాను. జీవితాంతం మందులు వాడాలన్నాను. ఆవిడ ఏడవలేదు. ఇంటికెళ్ళి లేసు సూదులు ఎవరికో ఇచ్చేసిందట.

మందులు పెంచుతూ పోయాను. వణుకు తగ్గలేదు. ఒకరోజు పొద్దున నా ఎదురుగానే సంచిలోంచి ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకుంది.

"ఇదేంటమ్మా? వేరే మందులేం వాడనన్నారు కదా!"

"ఇది మందు కాదండి బాబూ, గ్యాస్ బిళ్ళండి. టిఫినుకి ముందు ఎప్పట్నుంచో వేసుకుంటున్నానండి."

అట్ట మీద పేరు చదివాను. గ్యాస్ బిళ్ళల్లో కొన్ని రకాలు చెయ్యి అలాగే వణికిస్తాయి. నరాల డాక్టరుకి తెలియని సంగతి కాదు.

"అంటే దీనివల్లేమైనా అయ్యిందాండి?" అన్నాడు ఆవిడ భర్త.

"అబ్బే, అదేం లేదు. ఇక అవసరం లేదు, మానేయండి."

ఎందుకన్నానలా? భయమా? పరువా? మన వైపు గ్యాస్ బిళ్ళని ఎవరూ మందుల్లో లెక్కెయ్యరని నాకు తెలుసు, మా ఇంట్లోనూ లెక్కెయ్యరు, విడిగా అడగాలి, అడగలేదు, అడగలేదని చెప్పడానికి ఆ పూట నోరు రాలేదు, ఆ తరువాత ఇక రానే లేదు.

నా మందులు కూడా మెల్లగా తీసేశాను. కొన్ని నెలలకి చెయ్యి నిలిచింది. తనే అల్లిన లేసు గుడ్డ తెచ్చి నా బల్ల మీద పరిచింది. దేవుడండి మీరు, అంది. నవ్వాను. ఛీ, నవ్వాను.

మళ్ళీ కొన్నాళ్ళకి వాళ్ళ అక్కగారిని తీసుకొచ్చింది. ఆవిడకీ చెయ్యి వణుకు. ఈసారి గ్యాస్ బిళ్ళల సంగతి విడిగా అడిగాను. సత్యవతే చెప్పింది.

"నా దగ్గర మిగిలినవి అక్కకిచ్చేశానండి. నాకు అవసరం లేదన్నారు కదాండి, పారెయ్యడం ఎందుకని. బాగా పనిచేస్తున్నాయని తర్వాత తనే కొనుక్కుంటోందండి."

చెడ్డదని నేను చెప్పి ఉంటే ఆవిడ అక్కకి ఇచ్చేదా? అప్పుడైనా చెప్పానా? లేదు. ఈవిడకీ అవసరం లేదు, మానేయండి అన్నాను. అదే మాట.

బిళ్ళ మానేసినా అక్కగారి చెయ్యి పూర్తిగా నిలవలేదు. కొందరికి నిలవదు. వచ్చినప్పుడల్లా అంటుంది, "చెల్లి చెయ్యి నిలబెట్టారు, నాది నా ఖర్మండి" అని. నేను చీటీ రాస్తూ తల ఎత్తను.

ఖర్మ కాదమ్మా. ఆ బిళ్ళ. నేను అడగలేదు. తెలిశాక చెప్పలేదు.

రాసేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. గొంతు మాత్రం కాస్త ఖాళీ అయింది. వచ్చే వారం ఆ అక్క మళ్ళీ వస్తుంది. లేసు గుడ్డ ఇంకా నా బల్ల మీదే ఉంది.