దిగండిగారి ఇరవై కేజీలు

లిఫ్టుల తనిఖీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషిని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఊరందరికీ ఆయన దిగండిగారు. ఎనిమిది మంది ఎక్కాల్సిన లిఫ్టులో తొమ్మిదో మనిషి కనిపిస్తే, అది పై ఆఫీసరైనా సొంత మావగారైనా, "చివర ఎక్కినవారు దిగండి" అనడం ఆయనకు మొదట ఉద్యోగం, తర్వాత అలవాటు, ఆ తర్వాత జబ్బు. భార్యను మొదటిసారి చూసిందీ అలాగే. అప్పుడావిడ నాలుగో అంతస్తులో టైపిస్టు. తొమ్మిదో మనిషిగా ఎక్కింది, ఈయన దింపేశాడు. ఆవిడ మెట్ల మీదుగా పరుగెత్తి లిఫ్టు కంటే ముందే పైకి చేరి, తలుపు తెరుచుకోగానే ఎనిమిది మంది ముందూ కడిగి పారేసింది. ఆ ఏడాదే పెళ్లయింది.

రిటైరయ్యాక ఆయనకు మిగిలింది రేడియో పిచ్చి. లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే దేశదేశాల వాళ్లతో కబుర్లాడే రేడియో అది. దానికోసం మేడ మీద టవరు వేయించాడు. గొట్టంలో గొట్టం, అందులో ఇంకో గొట్టం. చేతిచక్రం తిప్పితే ఒకదాన్లోంచి ఒకటి పైకి లేస్తాయి, వెనక్కి తిప్పితే బుద్ధిగా ముడుచుకుంటాయి. కింది గొట్టానికి ఒక రేకుముక్క ఉంది: పూర్తిగా పైకి లేపినప్పుడు ఇరవై కేజీలు దాటరాదు. ఆ రేకుముక్కను ఆయన రోజూ తడిగుడ్డతో తుడుస్తాడు. సొంత ఫొటోను కూడా అంత శ్రద్ధగా తుడిచిన మనిషి కాదు.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఓడాయన మాట్లాడాలి. ఆయన సరుకు ఓడలో రేడియో ఆపరేటరు. ఇరవై రెండేళ్ల స్నేహం, ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. అదే ఆయన ఆఖరి ప్రయాణం. దిగాక ఉండబోయే ఫ్లాటులో యాంటెన్నా పెట్టనివ్వరట. నాలుగింటికి గొంతు దొరక్కపోతే ఇక ఎప్పటికీ దొరకదు. ఓడేమో మహాదూరంలో ఉంది. అందుకే దిగండిగారు పెద్ద యాంటెన్నా, దాన్ని కావలసిన దిక్కుకు తిప్పే మోటారు సిద్ధం చేశాడు.

తూచే పద్ధతి ఆయన సొంతం. యాంటెన్నా కడ్డీలన్నీ కట్టగట్టి చంకలో పెట్టుకుని, మోటారును సంచిలో వేసి మెడకు తగిలించుకుని, బాత్రూములోని బరువుల యంత్రం ఎక్కాడు. కట్ట అడ్డమొచ్చి అంకె కనపడలేదు. భార్య వంగి చూసి తొంభై ఏడు అంది. అందులోంచి తన బరువు డెబ్బై ఎనిమిది తీసేశాడు. పంతొమ్మిది. ఇంకా కేజీ మిగిలిందని పొంగిపోతూ మేడెక్కాడు.

మధ్యాహ్నం మూడింటికి అన్నీ బిగించి చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. రెండో గొట్టం లేచింది. మూడోది లేస్తుండగా టవరు మూలిగింది. కింద పక్కింటి రేకుల షెడ్డులో దర్జీ మిషను ఆపి, తలకు హెల్మెట్ పెట్టుకుని, మళ్లీ కుట్టుకోసాగాడు. టవరు లేచిన ప్రతిసారీ అతను అంతే.

భార్య టీ పట్టుకుని పైకొచ్చింది. వంగుతున్న కొసను చూసి గ్లాసు పిట్టగోడ మీద పెట్టేసింది.

"ఏవండీ, మీ బరువెంత అని లెక్కేశారు?"

"డెబ్బై ఎనిమిది. రిటైరైనప్పుడు డాక్టరు రాసిందే."

"అది మూడేళ్ల కిందటి మాట."

"మనిషి మనిషే కదే. లిఫ్టు లెక్కలో మనిషి బరువు ఎప్పుడూ మారలేదు."

ఆవిడ పిట్టగోడ మీదుగా దర్జీ వైపు చూసింది. దర్జీ తల దించుకున్నాడు. ఇద్దరి మధ్యా ఏదో గూడుపుఠాణీ ఉందని దిగండిగారికి అప్పుడు అర్థమైంది.

"ఇంక చెప్పేయండమ్మా," అన్నాడు దర్జీ. "పడేది నా నెత్తిన. ఆర్నెల్లలో అయ్యగారి ప్యాంట్లు మూడుసార్లు బిగించాను."

డాక్టరు ఒళ్లు తగ్గించమన్నాడు, ఈయనతో చెబితే వాదనకు దిగుతాడు. అందుకని ఆవిడ ఆర్నెల్లుగా టీలో పంచదార ఎగ్గొట్టి, వడ్డన తగ్గించి, ఆయనకు తెలియకుండా ఆయన్నే కొంచెం కొంచెంగా తీసేసింది. దిగండిగారు చక్రం వెనక్కి తిప్పి టవరును దించి, కిందికెళ్లి యంత్రం ఎక్కాడు. అరవై తొమ్మిది. అంటే పైనున్నది ఇరవై ఎనిమిది కేజీలు. ముప్ఫై ఒక్క ఏళ్లు లోకాన్ని దింపిన తాను, ఎనిమిది కేజీలు ఎక్కువ ఎక్కించాడు.

"ఇంకేం ఓడాయన," అన్నాడు మెట్ల మీద కూలబడి. "అయిపోయింది."

"ఏం అయిపోలేదు. చివర ఎక్కిందేది?"

"మోటారు."

"ఎంతుంటుంది?"

"తొమ్మిది."

"నన్ను దింపేటప్పుడు ఇంత ఆలోచించలేదుగా. దాన్నీ దింపండి."

"మరి తిప్పేదెవరే?"

ఆవిడ దండెం మీది బట్టలు తీసేసి తాడు విప్పింది. కింద నుంచి లాగి తిప్పేలా యాంటెన్నా రెండు కొసలకూ చెరో ముక్క కట్టారు. ఆ తాళ్లను కూడా తూస్తేగానీ ఆయన కట్టనివ్వలేదు. దర్జీ ఊళ్లోకెళ్లి కూరగాయల తక్కెడ తెచ్చాడు. నాలుగు వందల గ్రాములు. అంతా కలిపి పంతొమ్మిదీ నాలుగు వందలు. టవరు ఈసారి మూలగకుండా పైకంటా లేచింది.

నాలుగు కొట్టేసరికి గదిలో గరగర తప్ప ఏమీ లేదు. దిగండిగారు కిటికీలోంచి చెయ్యి ఊపితే మేడ మీద ఆవిడ ఎడమ తాడు లాగింది, ఇంకొంచెం లాగింది. గరగరలోంచి ఓడాయన గొంతు పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా పలికింది. దిగండిగారు మైకు అందుకుని బదులు పలికాడు.

"ఇంత బాగా ఎప్పుడూ వినపళ్లేదోయ్," అన్నాడు ఓడాయన. "మంచి మోటారే వేసినట్టున్నావ్. బరువెంత?"

దిగండిగారు తల బయటపెట్టి పైకి చూశాడు. ఆవిడ తాడు నడుముకు చుట్టుకుని, కాలు పిట్టగోడకు తన్నిపెట్టి, ఎండలో కదలకుండా నిలబడి ఉంది.

"తూచలేదు," అన్నాడు. "దీన్ని మాత్రం జన్మలో దింపను."